కనాలా వద్దా అన్నది ఆమెను అడగండి



పిల్లల్ని ఎక్కువమందిని కనాలని ఈమధ్య పెద్ద పెద్దవాళ్లే చెబుతున్నారు. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2024 నవంబర్‌లో తీసేసింది. మంచిదే, అది అసలు ఉండాల్సిందే కాదు. కానీ మనలోనే కొందరు అన్నలు ఇంకో అడుగు ముందుకేసి, "మన జాతి తగ్గిపోతోంది, మన ఆడవాళ్లు ఆపరేషన్లు, అబార్షన్లు మానుకోవాలి" అంటున్నారు. ఈ మాట ఎక్కడిదాకా పోతుందో పక్క రాష్ట్రాన్ని చూస్తే తెలుస్తుంది.

1979లో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం బైగా, పహాడీ కోర్వా లాంటి తెగలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయకుండా ఆంక్ష పెట్టింది. జాతి అంతరించిపోకుండా కాపాడుతున్నామన్నారు. ఛత్తీస్‌గఢ్ విడిపోయాక కూడా అదే నడిచింది. చివరికి బైగాలే కోర్టుకెక్కితే 2018 డిసెంబర్‌లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. దాదాపు నలభై ఏళ్లు! ఇక చాలు అన్న తల్లి మాటకు అన్నేళ్లూ విలువ లేదు. అదే రాష్ట్రంలో, బిలాస్‌పూర్ దగ్గర, 2014 నవంబర్‌లో ఒక్క శిబిరంలో కొన్ని గంటల్లోనే 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేసేశారు. ఆ రోజుల్లో అక్కడి శిబిరాలకు వెళ్లినవాళ్లలో పదిమందికి పైగా చనిపోయారు. ఒకరికి కావాలన్నా చెయ్యరు, ఇంకొకరికి టార్గెట్ కోసం చేస్తారు. రెండుచోట్లా ఆమెను మనిషిగా చూసిందెవరు?

అబార్షన్ సంగతికొద్దాం. మన దేశంలో 1971 నుంచి చట్టం ఉంది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు, చట్టం చెప్పిన కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చేయొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండిన మహిళకు ఆమె సంతకం చాలు. "మొగుణ్ని తీసుకురా" అని ఎవరైనా అంటే అది చట్టం కాదు, వాళ్ల సొంత పెత్తనం. పెళ్లికాని మహిళకు కూడా 24 వారాల దాకా హక్కుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిది నిండని అమ్మాయి వస్తే, ఆమె, ఆమె గార్డియన్ ఇద్దరూ కోరినప్పుడు, పోలీసులకిచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు రాయక్కర్లేదని కూడా అదే తీర్పులో ఉంది. కేసవుతుందన్న భయంతో మన పిల్లలు ఆసుపత్రి గడప తొక్కరు కాబట్టి ఈ ముక్క మీ ఊళ్లో తప్పక చెప్పండి.

కాగితం మీద ఇంత ఉంది. కొండ మీద ఏముంది? ఆసుపత్రికి దారి లేదు. వెళ్లినా డాక్టరు ఉండరు, ఉంటే "పెద్దాసుపత్రికి పో" అంటారు. చార్జీలు పోగేసేలోపు వారాలు గడిచిపోతాయి. అప్పుడు సంతలో ఎవరో ఇచ్చిన మాత్రలే దిక్కు. నిషేధం అని ఎవరూ రాయనక్కర్లేదు, రోడ్డు లేకపోతే చాలు.

జాతి తగ్గుతోందని బాధపడే అన్నలకు ఒక మాట. పుట్టిన బిడ్డలు బతుకుతున్నారా? నొప్పులొచ్చాక డోలీ కట్టి వాగు దాటించే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కాన్పు ముందే వచ్చి వసతిగృహంలో ఉండమంటారు. ఇంట్లో ఉన్న ఇద్దరు పిల్లలకు గంజి ఎవరు కాస్తారు? పోడు పని ఎవరు చేస్తారు? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. 2017లో తెచ్చిన మాతృవందన పథకం మొదటి బిడ్డకు 5,000 అంది, తర్వాత రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 అని కలిపారు. రెండోసారి మగబిడ్డ పుడితే ఈ పథకంలో రూపాయి రాదు. మూడో కాన్పుకూ అంతే. కనమని చెప్పేవాళ్లు ముందు దీనికి జవాబివ్వాలి.

వచ్చే గ్రామసభలో అడుగుదాం. మన పీహెచ్‌సీలో అబార్షన్ చేయడానికి అర్హత ఉన్న డాక్టరు ఉన్నారా, ఏ రోజుల్లో ఉంటారు? లేకపోతే ఎక్కడికి పంపుతారు, బండి ఎవరిస్తారు? వసతిగృహానికి వెళ్లే తల్లి పోగొట్టుకునే కూలి ఎవరు కడతారు? జవాబులు తీర్మానంలో రాయించి ఐటీడీఏకు పంపుదాం. ఆ సభలో ముందు వరుస అక్కలకు, వదినలకు వదిలేయండి. మనం వెనక కూర్చుందాం.