పనిచేసే ల్యాప్‌టాప్‌ను తుక్కు చేయకండి

నాలుగేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌లను ఉద్యోగులకు అమ్మితే కంపెనీ డేటా బయటికి పోతుందనీ, రీసైక్లర్‌కు అప్పగించి ధ్వంసం చేసినట్టు సర్టిఫికెట్ తెచ్చుకోవడమే బాధ్యత గల పద్ధతనీ మన ఐటీ కంపెనీల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. సెక్యూరిటీ విభాగం ఈ మాట అన్నాక ఎదురు చెప్పేవాళ్లు ఉండరు. నేను చెబుతున్నాను: ఈ నమ్మకం తప్పు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది ఈ పని.

ముందు వాళ్ల బలమైన ఉదాహరణే తీసుకుందాం. కోటిన్నర మంది ఖాతాదారుల వివరాలను కాపాడలేకపోయినందుకు 2022లో మోర్గాన్ స్టాన్లీ మీద అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. పాత సర్వర్లు, హార్డ్‌డిస్క్‌లు వదిలించుకునే పనిని ఆ సంస్థ డేటా చెరపడంలో అనుభవమే లేని ఒక సామాన్ల తరలింపు కంపెనీకి ఇచ్చింది. వాటిలో కొన్ని ఖాతాదారుల వివరాలతో సహా ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోయాయి. ఇందులో ఉద్యోగుల పాపం ఏముంది? చెరిపారో లేదో చూడకుండా బయటివాళ్ల చేతిలో పెట్టి ఆ సంస్థే నిశ్చింతగా ఉంది. ఈనాటి సర్టిఫికెట్ పద్ధతికీ అదే ప్రమాదం పొంచి ఉంది.

డేటా ఉండేది డిస్క్‌లో. స్క్రీన్‌కూ కీబోర్డుకూ బ్యాటరీకీ దానితో సంబంధం లేదు. చాలా ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు అడుగు మూత ఊడదీస్తే వేలెడంత ఎస్ఎస్‌డీ ఒకే ఒక చిన్న స్క్రూతో బిగించి ఉంటుంది. స్క్రూ తీయగానే దాని ఒక కొస పైకి లేస్తుంది, పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. అంత భయమే ఉంటే దాన్ని పిండి చేయండి, మిగతా యంత్రాన్ని వదిలేయండి. చాలాసార్లు అదీ అక్కర్లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన మార్గదర్శకాల్లో డేటా తొలగించడానికి మూడు స్థాయిలున్నాయి, ధ్వంసం వాటిలో చివరిది. మొదటి రోజు నుంచీ బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న డిస్క్‌కు, దాన్ని విప్పే తాళంచెవి ఎక్కడా మిగలకుండా చేస్తే, లోపలున్నది ఎవరూ చదవలేరు.

మన కేంద్ర ప్రభుత్వమే ఈ దారిలో నడుస్తోంది. 2023 జూలైలో ఆర్థిక శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, అర్హులైన అధికారులు తమకిచ్చిన ల్యాప్‌టాప్‌ను నాలుగేళ్లు దాటాక సొంతానికి ఉంచుకోవచ్చు. ఇచ్చేముందు డేటా పూర్తిగా చెరపాలి. ప్రభుత్వ ఫైళ్లకు సరిపోయిన జాగ్రత్త కంపెనీల ఇన్వాయిస్‌లకు చాలదా? 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో కూడా, ఉద్యోగికి ఇచ్చేసే కంప్యూటర్ విలువను నిండిన ప్రతి ఏడాదికీ సగం చొప్పున తగ్గించే లెక్క పెట్టారు. ఆ లెక్కన 80 వేలకు కొన్నది నాలుగేళ్లకు 5 వేలవుతుంది.

ఇక 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నిబంధనలను అడ్డు చూపిస్తారు. రిజిస్టరైన సంస్థలకే ఇవ్వాలని అవి చెప్పేది వ్యర్థంగా పారేసేవాటి గురించి. వాడుకోవడానికి అమ్మిన యంత్రం వ్యర్థం ఎలా అవుతుంది? పైగా బాగుచేసి అమ్మే రీఫర్బిషర్‌కూ ఆ నిబంధనల్లోనే చోటుంది.

ఒక్క అభ్యంతరానికి మాత్రం విలువిస్తాను. ఉద్యోగులకు అమ్ముతామంటే మంచి యంత్రాలను కూడా పాతవాటి లెక్కలో రాయించుకునేవాళ్లు తయారవుతారు. నిజమే. కాబట్టి ఏది పక్కన పెట్టాలో కొన్న తేదీని బట్టే తేలాలి. జాబితా రాసేవాళ్లు కొనకూడదు. ధర ముందే ప్రకటించి, ఎక్కువమంది అడిగితే చీటీలు తీయాలి. ఇప్పుడు రీసైక్లర్‌కు లాట్ల లెక్కన గుత్తగా అమ్మేసే పద్ధతిలో ఈపాటి వెలుగు కూడా లేదు. రిపేర్ల గొడవంటారా, అమ్మాక బాధ్యత లేదని రసీదు మీద రాస్తే తీరిపోతుంది.

ఉద్యోగులంటే ఐడీ కార్డు మీద కంపెనీ పేరున్నవాళ్లే అనుకోవద్దు. రాత్రి గేటు దగ్గర నిలబడే గార్డు, బల్లలు తుడిచే ఆమె, క్యాంటీన్ కుర్రాడు కాంట్రాక్టు మనుషులు. డిప్లొమా చదివే కూతురికి ల్యాప్‌టాప్ కావాలంటే ఆ బల్లలు తుడిచే ఆమె సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్లో సెకండ్‌హ్యాండ్ దుకాణాల చుట్టూ తిరిగి, అప్పు చేసి కొంటుంది. రోజూ తను దుమ్ము దులిపిన యంత్రాలే ఆమె కళ్లముందు తుక్కు వ్యాన్ ఎక్కుతుంటాయి. అమ్మకం పెట్టిన రోజు మొదటి చీటీ అలాంటివాళ్ల పేర్లలోంచి తీయాలి. వాళ్ల జీతాల్లోంచి నెలకు ఐదొందలు పట్టుకునే వీలు కూడా కల్పించాలి.