గ్రాఫిక్స్ కార్డు అడిగితే ముందు లెక్క అడగండి



పీటీఎంలో ఈ మధ్య తరచూ వినిపిస్తున్న మాట ఇది: “మేడమ్, పాత కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు వేయించమని మావాడు ఒకటే గొడవ. గేముల కోసమే కదా! ఏం చెప్పమంటారు?” కొందరు తల్లిదండ్రులు వద్దని కొట్టిపారేస్తారు. మరికొందరు “మంచి ర్యాంకు తెచ్చుకో, కొనిపెడతాను” అంటారు.

ఈ రెండూ సరైన జవాబులు కావని, ఫిజిక్స్ చెప్పే టీచరుగా నా అభిప్రాయం. వద్దంటే మాటలు అక్కడితో ఆగిపోతాయి, ఆట మాత్రం ఫోన్‌లోకి మారుతుంది. ర్యాంకుకి ముడిపెడితే చదువు కూలి కోసం చేసే పనిలా తయారవుతుంది. దానికి బదులు “ఒక పేజీలో లెక్క రాసి తీసుకురా, అప్పుడు మాట్లాడదాం” అనండి. అడిగింది అమ్మాయైనా, అబ్బాయైనా ఇదే మాట.

ఆ పేజీలో నాలుగు విషయాలు ఉండాలి.

మొదటిది, అవసరం. ఏ గేమ్? దానికి కనీసం ఏం కావాలి? వాలరెంట్ లాంటి గేమ్ మొదలవడానికి ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే పాత హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్ చాలు. అలాంటప్పుడు ర్యామ్ పెంచితే సరిపోవచ్చు. గేమ్ వయసు రేటింగ్ కూడా రాయించండి. జీటీఏ 5కి యూరప్ రేటింగ్ 18 ఏళ్లు. తొమ్మిదో తరగతి పిల్లలకు అది తగదని చెప్పడానికి వేరే వాదన అక్కర్లేదు.

రెండోది, కరెంటు. ఉదాహరణకు 2017 నాటి ఐ5-7400 డెస్క్‌టాప్ తీసుకుందాం. మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ కార్డుకి ఇవ్వగలిగేది 75 వాట్లు. జీటీఎక్స్ 1650లో 75 వాట్లతో నడిచే మోడళ్లకు అదే చాలు. ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు కావాలి. మొత్తం కంప్యూటర్‌కి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియా సూచన. కొన్ని ఆఫీసు డెస్క్‌టాప్‌లలో ఉండేది 240 వాట్లే! ఎస్ఎంపీఎస్ లేబుల్ చదవడం పదో తరగతి విద్యుత్ పాఠమే. పెద్ద అక్షరాల్లో 450 అని ఉన్నా, 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లని ఉంటే, అక్కడ దొరికేది 12×16 అంటే 192 వాట్లే. కార్డు, ప్రాసెసర్ ఎక్కువగా ఆధారపడేది ఆ 12 వోల్టుల మీదే. ఇక్కడ నాసిరకం సరుకుతో సరిపెట్టుకోకండి. కార్డుతో పాటు మిగతా కంప్యూటర్ కూడా పాడయ్యే ప్రమాదం ఉంది.

మూడోది, ఇమడటం. కార్డు పొడవెంత, క్యాబినెట్‌లో జాగా ఎంత? స్కేలుతో కొలవాలి. సన్నటి క్యాబినెట్‌లో సగం ఎత్తు కార్డే పడుతుంది. పాత మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే కొత్త కార్డుకి నేరుగా తగలదు. ప్రాసెసర్ పాతదైతే ఖరీదైన కార్డు వేసినా పూర్తి ఫలితం రాదు.

నాలుగోది, ఆయుష్షు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి అధికారిక అనుమతి. ఐ5-7400 ఏడో తరానిది. కాబట్టి ఈ కంప్యూటర్ మీద ఎంత ఖర్చు పెట్టవచ్చు, ఆ కార్డు రేపు కొత్త కంప్యూటర్‌లో పనికొస్తుందా అన్నవి కూడా పేజీలో ఉండాలి.

సెకండ్ హ్యాండ్ కొంటే ఇంకో జాగ్రత్త. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక, అప్పటివరకు రాత్రింబవళ్లు నడిచిన కార్డులు ఎన్నో అమ్మకానికి వచ్చాయి. సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, మీ ఊళ్లో కొన్నా, అరగంట గేమ్ నడిపి చూశాకే డబ్బులివ్వండి. బిల్లు, వారంటీ అడగండి.

బిగించే రోజు మీరూ పక్కన కూర్చోండి. ముందు ప్లగ్ తీసేయాలి. తర్వాత పవర్ బటన్ ఒకసారి నొక్కి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, అప్పుడు కార్డు పట్టుకోవాలి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్ తీసినా లోపల కరెంటు నిల్వ ఉంటుంది. చివరగా మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకి కాకుండా కొత్త కార్డుకే తగిలించాలి.

రోజుకి ఎంతసేపు ఆడాలన్నది కూడా ఆ పేజీ చివర రాసి, ఇద్దరూ సంతకం చేయండి. లెక్క కుదిరి, మీ బడ్జెట్ ఒప్పుకుంటే కొనివ్వండి. కుదరకపోతే లేదనే చెప్పండి. అప్పుడు ఆ “లేదు” మీ కోపంలోంచి రాదు. కారణం పిల్లల చేతిరాతలోనే ఉంటుంది.