కలలో వచ్చిన కొలత

అలిపిరిలో తిరుమల కొండ ఎక్కబోయేవాళ్లు మొదట ఆగేది పాదాల మండపం దగ్గర. అక్కడ స్వామి పాదుకలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. ఎంత హోదా ఉన్నవారైనా సరే, కాలికి తొడిగే వస్తువును తలమీద మోసే చోటు అది. ఆ పాదుకల గురించి ఈ ప్రాంతంలో ఒక కథ చెప్పుకొంటారు. వేంకటేశ్వరుడు రాత్రిపూట కొండ దిగి తిరుచానూరుకు, అలమేలుమంగ దగ్గరికి వెళ్లివస్తుంటాడట. నడిచి నడిచి చెప్పులు అరిగిపోతాయి. అప్పుడు చెప్పులు కుట్టే భక్తుడి కలలోకి వచ్చి కొత్త జోడు అడుగుతాడు. కొలత కూడా ఆ కలలోనే చెబుతాడు.

చేతిపనివారికి స్ఫూర్తి ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నేను వినలేదు. దేవుడు కలలోకి వచ్చినా ఆ చర్మకారుడికి చివరికి కావలసింది పాదం పొడవూ వెడల్పూ. అవి తెలిస్తేనే తోలు కోయగలడు. కొలత తెలిసిన క్షణంలోనే అతడి పని మొదలైపోయింది.

కవి గురించో చిత్రకారుడి గురించో రాసేటప్పుడు మనం ఊహ అంటాం, ప్రతిభ అంటాం. చేతిపనివారి దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తాం. వంశపారంపర్యం అంటాం, నైపుణ్యం అంటాం, అంతరించిపోతోందని జాలిపడతాం. హస్తకళల ప్రదర్శనల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ‘ఈ ఐడియా మీకెలా వచ్చిందండీ?’ అని. ‘మా నాయన నేర్పిందే సార్’ అంటాడు అవతలి మనిషి. అడిగినవారికి ఆ జవాబు చప్పగా తోస్తుంది. అక్కడితో వదిలేయకూడదని నా వాదన. నాయన నేర్పిందేమిటి, నేర్పకుండా వదిలేసిందేమిటి అని కూడా అడగాలి. ఆ వదిలేసిన చోట్లోనే వీళ్ల కల్పనంతా ఉంది.

అది చూడాలంటే అలిపిరి రోడ్డులోనే మంచి చోటుంది. టీటీడీ వారి శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ ఆలయ శిల్ప శిక్షణ సంస్థ 1960లో మొదలైంది. పదో తరగతి పాసైన పిల్లలు ఇక్కడ ఆలయ నిర్మాణం, శిలాశిల్పం, సుధాశిల్పం, లోహశిల్పం, కొయ్యశిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం నాలుగేళ్ల డిప్లొమాగా చదువుకోవచ్చు. కళంకారీకి రెండేళ్ల సర్టిఫికెట్ కోర్సుంది. తండ్రి చెంత కొడుకు మాత్రమే నేర్చుకునే విద్యను ఏ ఇంటి బిడ్డయినా వచ్చి నేర్చుకోగల చదువుగా మార్చిన సంస్థ ఇది. ఆ ఒక్క పనికే దానికి దండం పెట్టాలి.

శిల్పశాస్త్రం ప్రకారం విష్ణుమూర్తి విగ్రహానికి ఉత్తమ దశతాళం వర్తిస్తుంది. అంటే మూర్తి ఎత్తును 124 భాగాలు చేస్తారు. ఒక్కో భాగం ఒక అంగుళం, పన్నెండు అంగుళాలు ఒక తాళం, పది తాళాలమీద ఉత్తమానికి మరో నాలుగు అంగుళాలు. ఈ అంగుళానికీ దుకాణంలో కొనే స్కేలుకూ సంబంధం లేదు. రాయి పెద్దదైతే అంగుళం పెరుగుతుంది, చిన్నదైతే తగ్గుతుంది. అందుకే అరచేతిలో ఇమిడే మూర్తికీ ఆరడుగుల మూలవిరాట్టుకూ పొందిక ఒకటే. కొలత తర్వాత ధ్యానశ్లోకం. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, నిలబడ్డాడా, కూర్చున్నాడా, పడుకున్నాడా అన్నీ అందులో ఉంటాయి.

ఇన్ని కట్టుబాట్ల తర్వాత శిల్పికి ఇంకేం మిగిలిందని కొందరంటారు. ముఖం ప్రసన్నంగా ఉండాలంటుంది శాస్త్రం. ఎంత ప్రసన్నంగా? ఆ నవ్వు పెదవి చివర ఆగిపోవాలా, చెంపదాకా పాకాలా, కంట్లో కూడా కనిపించాలా? ఆ సంగతి 124 అంగుళాల్లో ఏ అంగుళమూ చెప్పదు. ఒకే కొలతలతో, ఒకే శ్లోకంతో ఇద్దరు శిల్పులు కూర్చుంటే ఇద్దరు దేవుళ్లు లేస్తారు. ఒకాయన్ను చూస్తే అడగబుద్ధేస్తుంది, ఇంకొకాయన్ను చూస్తే ఊరికే నిలబడిపోవాలనిపిస్తుంది. పద్యం రాసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. ఉత్పలమాలకు గణాలూ యతిప్రాసలూ అందరికీ ఒకటే, కవి గొంతు మాత్రం ఎవరిది వారిదే. ఛందస్సును మెచ్చుకునే మనం తాళమానాన్ని సంకెల అనుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

గోపురంమీది బొమ్మలు చేసే సుధాశిల్పి సంగతి వేరు. ఆయన చేతిలో ఉన్నది సున్నం. పాత పద్ధతిలో ఇసుకా సున్నమూ నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు కలిపి పదును పెడతారు. తొందరపడితే బొమ్మ బీటలు వారుతుంది. ఈ బెల్లాన్నీ కరక్కాయనూ గుర్తుంచుకోండి. ఇక్కడినుంచి నలభై కిలోమీటర్లలోపే ఉన్న శ్రీకాళహస్తిలో ఇవే రెండూ సున్నంలో కాకుండా గుడ్డమీద పనిచేస్తాయి.

కాళహస్తి కళంకారీలో గాడా అనే నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు సిరా పాకకుండా ఆపుతుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మకు ఆనవాలు గీస్తారు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. దీన్ని కసిమి అంటారు. అసలు నలుపు ఆ కుండలో తయారవదు. కరక్కాయ పట్టించిన గుడ్డకు కసిమి తగిలినప్పుడు, ఆ కాయలోని వగరూ ఇనుమూ కలిసి, నలుపు గుడ్డమీదే పుడుతుంది. కలం అంటే మొన తేల్చిన వెదురుపుల్ల. దానికి ఉన్నిగానీ గుడ్డపీలికగానీ చుట్టి దారంతో బిగిస్తారు. వేళ్లతో ఆ చుట్టను నొక్కుతుంటే సిరా మొనలోకి దిగుతుంది. ఎంత నొక్కితే ఎంత గీత అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. పడిన గీతను చెరపడానికీ లేదు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఎరుపు. ఎర్రగా రావలసిన చోటల్లా కలంతో పటిక నీళ్లు పూస్తారు. పటిక నీళ్లకు రంగుండదు. ఆరనిచ్చి, పారే నీళ్లలో ఉతికి, చిరివేరో మంజిష్ఠో వేసిన కాగులో గుడ్డను ఉడికిస్తే పటిక తగిలిన చోటు మాత్రమే ఎర్రబారుతుంది. రాముడి పక్కన సీత చీర, రథంమీది జెండా, రావణుడి పది కిరీటాల్లో రాళ్లు. ఇవన్నీ గీసే వేళకు గుడ్డమీద ఎరుపే లేదు. గీసేవారి కళ్లకు మాత్రం కాగులోంచి తీసిన తర్వాతి గుడ్డ ముందే కనిపిస్తూ ఉండాలి. దీన్ని ఊహ అనకపోతే ఇంక దేన్ని అంటాం? ఆ తర్వాత కరక్కాయ పువ్వుతో పసుపు, నీలితో నీలం, పసుపుమీద నీలం వేసి ఆకుపచ్చ. మధ్యమధ్య ఉతకడాలు, ఆరబెట్టడాలు. కసిమి పులిసేదాకా, గుడ్డ ఆరేదాకా ఆగవలసిన ఆ రోజుల్లోనే తర్వాతి బొమ్మ మనసులో కుదురుకుంటుంది.

మరి బొమ్మలు ఎక్కడినుంచి వస్తాయి? పురాణాలనుంచి అనేస్తే సగం జవాబే. పురాణం ఈ సీమలో పుస్తకంలో కన్నా వీధిలో ఎక్కువ ఉంటుంది. ఎండాకాలం వస్తే చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. నేలమీద మట్టితో చేసిన ఇంతెత్తు దుర్యోధనుడు పడుకుని ఉంటే భీముడు వచ్చి తొడమీద కొడతాడు. మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. అందులో భక్తులు వేసే బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి చందనం. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు. కాళహస్తి గుడ్డమీద మొదట కనిపించే రంగులూ ఇవే. దీనికి శాసనాధారం అడిగితే చూపలేను, కానీ ఏటేటా ఆ వేషాలు చూస్తూ పెరిగిన కన్ను ఖాళీగా ఉండదని గట్టిగా నమ్ముతాను. పైకి చూస్తే బ్రహ్మోత్సవాల వాహనాలు, లేపాక్షి గుడి కప్పుమీద పదహారో శతాబ్దపు చిత్రాలు, కాళహస్తిలోనే సాలెపురుగు, పాము, ఏనుగు, కన్ను పెరికి ఇచ్చిన తిన్నడు. ఒకే కళాకారుడు ఇన్నింటిమధ్య పెరుగుతాడు.

వాటిలోంచి ఏరుకోవడం ఆయన పని. రామాయణం తెరమీద పట్టాభిషేకం నడుమ పెద్ద గడిలో ఉంటుంది, చుట్టూ వరసలుగా కథ, కింద తెలుగు అక్షరాలు. ఏ ఘట్టానికి చోటివ్వాలి, దేన్ని రెండు బొమ్మల్లో తేల్చేయాలి అన్నది గీసేవారి తీర్పు. ఇది కథకుడి పని. కాళహస్తి కలాలు క్రీస్తు జీవితాన్నీ గీశాయి. కొత్త కథ వచ్చినా చెయ్యి తడబడకపోవడానికి కారణం ఆ పాత కట్టుబాట్లే.

ఇదంతా ఒకప్పుడు ఆగిపోయే స్థితికి వచ్చింది. హస్తకళల పునరుద్ధరణకు కృషిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1957లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టకపోతే, జొన్నలగడ్డ లక్ష్మయ్య వంటివారు అందులో నేర్పకపోతే, ఈ వ్యాసానికి విషయమే ఉండేది కాదు. ఆయన కుమారుడు గుర్రప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందే, 2005లో, శ్రీకాళహస్తి కళంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కింది.

గుర్తింపు వచ్చింది సరే, ఆ పనికి పట్టే కాలానికి మాత్రం ఎవరూ వెల కట్టడం లేదు. కళంకారీ బొమ్మను స్క్రీన్ ప్రింటుగా వేల మీటర్లు దించి అదే పేరుతో అమ్ముతున్నారు. చేత్తో గీసినవారు దాని ధరతో పోటీ పడాలి. ఉతకడానికి పారే నీళ్లు కావాలి, స్వర్ణముఖి ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. ఏరు లేకపోతే బోరు నీళ్లే దిక్కు. ఏటి నీళ్లు ఈ కళకు ముడిసరుకు, కరక్కాయంత ముడిసరుకు. స్వర్ణముఖిలో నీరు నిలిపే పని చేయకుండా కళాకారులకు శాలువాలు కప్పడం ఎంతమాత్రం చాలదు. కొత్త డిజైన్ల పేరుతో శిబిరాలు పెట్టి వీళ్లచేత ఫోను కవర్లమీద నెమళ్లు వేయించడం కూడా నాకు నచ్చదు. వీళ్లకు ఐడియాల కొరత ఎన్నడూ లేదు.

ఇంకో లోటు పేరు. గుడి గోడకున్న చలువరాతిపలకమీద దాత పేరుంటుంది, ప్రారంభించిన మంత్రి పేరుంటుంది. మూర్తిని చెక్కిన శిల్పి పేరు వెతికినా దొరకదు. అణకువే మన సంప్రదాయం అని దీన్ని సమర్థించేవారున్నారు. హొయసల రాజ్యంలో మల్లితమ్మ తాను చెక్కిన శిల్పాలకింద పేరు రాసుకున్నాడు, ఎవరూ ఆక్షేపించలేదు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన పాలంపేట గుడిని జనం శిల్పి పేరుతోనే రామప్ప అంటున్నారని ప్రతీతి. దేవుడి పక్కన శిల్పి పేరుంటే అపచారమేమీ కాదు. అలిపిరి సంస్థలో చదివిన పిల్లలు చెక్కే ప్రతి మూర్తి పీఠంమీద, గీసే ప్రతి గుడ్డ అంచున వాళ్ల పేరు రాయడాన్ని టీటీడీ నియమంగా పెట్టాలి. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు.

మనం చేయగలిగిందీ ఉంది. కాళహస్తి కళంకారీ అని ఎవరైనా చూపిస్తే గుడ్డను తిప్పి వెనకవైపు చూడండి. కలంతో వేసిన రంగు నూలులోకి ఇంకి వెనక కూడా కనిపిస్తుంది, స్క్రీన్ ప్రింటు చాలావరకు పైపైనే ఉంటుంది. గీసినవారెవరో అడగండి. పేరు చెబితే దాన్ని బిల్లుమీద రాయించుకోండి. చెప్పలేకపోతే, ఆ దుకాణంలో కొనకండి.