బూట్లతోనా... బూట్లు లేకుండానా?

నంద్యాల. సాయంత్రం అయిదున్నర. ఓ కాలేజీ మైదానంలో బాస్కెట్‌బాల్ ఆట ముగిసింది. కుర్రాళ్లంతా సైకిళ్లు, బైకులెక్కి వెళ్లిపోయారు. ఇద్దరు మాత్రం కోర్టు పక్కన అరుగు దిగలేదు. ఒకరు రిటైరైన పీఈటీ మాస్టారు. ఇంకొకరు డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న ఆయన మేనల్లుడు. వాదన ఎప్పటిదే... విల్ట్ చాంబర్లీన్ గొప్పా, షకీల్ ఓనీల్ గొప్పా?

"ఒక్క మ్యాచ్‌లో వంద పాయింట్లు కొట్టినోడు యాడ... ఫ్రీ త్రో గూడా సరిగ్గా వేయలేనోడు యాడ!" అన్నారు మామ.

"మీ విల్ట్ మాత్రం బాగా వేసినాడా మామా? ఇద్దరిదీ సగం లెక్కే కదా!"

నిజమే. ఫ్రీ త్రోల్లో విల్ట్ 51 శాతం, షకీల్ 52 శాతం చిల్లర. ఆ ముచ్చటలో ఇద్దరూ ఇద్దరే. మామ దారి మార్చారు.

"సరేలేరా. విల్ట్‌కు ఎదురు నిలబడింది ఎవరు? బిల్ రసెల్. 6 అడుగుల 10 అంగుళాలు!"

"బూట్లతోనా, బూట్లు లేకుండానా?"

అనేశాక కుర్రాడే నాలుక కరుచుకున్నాడు. ఎందుకంటే ఆ ప్రశ్న అతణ్ని వారం రోజులుగా కుదిపేస్తోంది. జట్టు ఎంపికలకు వెళ్లినప్పుడు దరఖాస్తులో ఎత్తు 6 అడుగులని రాశాడు. అక్కడ బూట్లు విప్పించి గోడకు ఆనించి కొలిస్తే 5 అడుగుల పదిన్నర అంగుళాలే వచ్చింది. జాబితాలో పేరు లేదు. ఎత్తు వల్ల పోయిందో, ఆట వల్ల పోయిందో ఎవరూ చెప్పలేదు. ఎత్తు వల్లేనని అతను తీర్మానించుకున్నాడు. పైగా అబద్ధం రాసి దొరికిపోయానన్న సిగ్గొకటి!

అలా రాసింది తానొక్కడే అనుకున్నాడు పాపం. ప్రపంచంలోకెల్లా పొడుగాటి మనుషులు ఆడే అమెరికా ఎన్‌బీఏలోనే ఎత్తుల చిట్టా ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది మరి!

పెంచినవాళ్లూ... తగ్గించినవాళ్లూ

అక్కడ చాలాకాలం ఎవరి జట్టు రాసిందే ఎత్తు. కొందరిని బూట్లతో కొలిచేవారు. కొందరి విషయంలో ఆటగాడు చెప్పిందే వేదం. బాస్కెట్‌బాల్ బూటుతో ఓ అంగుళం అదనంగా కలిసొస్తుంది. ఇక మనిషి కూడా రోజంతా ఒకే ఎత్తులో ఉండడు. పొద్దున లేచినప్పటికంటే సాయంత్రానికి వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు నొక్కుకుని సెంటీమీటరు వరకూ తగ్గుతాడు. అంటే పొద్దున్నే బూట్లతో కొలిపించుకుంటే లాభమే లాభం!

హకీమ్ ఒలాజువాన్ సంగతే చూడండి. రికార్డుల్లో 7 అడుగులు. తన అసలు ఎత్తు 6 అడుగుల 10 అంగుళాల దగ్గరేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

ఇదంతా పెంచిన లెక్క. విచిత్రమేమిటంటే తగ్గించి రాయించుకున్నవాళ్లూ ఉన్నారు. బిల్ వాల్టన్ ఎత్తును 6 అడుగుల 11 అంగుళాలనే రాసేవారు. పక్కన నిలబడినవాళ్లు మాత్రం ఏడడుగులకు తగ్గడనేవారు. కెవిన్ గార్నెట్‌దీ అదే అంకె. 'ఆయన ఎత్తు 6 అడుగుల 13 అంగుళాలు' అంటూ జోకులు పేలేవి. కెవిన్ డ్యూరాంట్ ఇంకా నయం. ఆడపిల్లలతో మాట్లాడేటప్పుడు ఏడడుగులవాణ్ని, బాస్కెట్‌బాల్ లోకంలో 6 అడుగుల 9 అంగుళాలవాణ్ని అని 2016లో ఓ పత్రికతో నవ్వుతూ చెప్పేశాడు.

ఎత్తే పెట్టుబడి అయిన ఆటలో తగ్గించుకోవడం ఎందుకంటారా? ఏడడుగులని రాస్తే చాలు, 'నువ్వు రింగు కింద నిలబడు' అంటారు. బంతి తిప్పడం, దూరం నుంచి వేయడం వేరేవాళ్ల పని అయిపోతుంది. అంటే కాగితం మీది అంకె ఎత్తును చెప్పడంతో ఆగదు, మైదానంలో ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా తేల్చేస్తుంది. అందుకే ఈ దాగుడుమూతలు.

చివరికి 2019లో ఎన్‌బీఏ కళ్లు తెరిచింది. శిక్షణ శిబిరం మొదలైన వారంలోగా ప్రతి ఆటగాణ్నీ బూట్లు లేకుండా కొలిచి లెక్క పంపాలని జట్లన్నింటికీ చెప్పింది. కెవిన్ లవ్ 6 అడుగుల 10 అంగుళాల నుంచి ఒక్కసారిగా 8 అంగుళాలకు దిగాడు. డ్యూరాంట్ అంకె మాత్రం ఓ అంగుళం పెరిగింది!

ఎద్దుకున్నపాటి పద్ధతి

ఈ ముచ్చట వింటే నంద్యాల చుట్టుపక్కల రైతులు నవ్వుకుంటారు. ఇక్కడి తిరునాళ్లలో బండలాగుడు పోటీలకు ఎద్దుల్ని పళ్ల లెక్కన విడదీస్తారు. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి... దేనికదే విభాగం. ఎద్దుకు ముందుపళ్లు కింది దవడకే ఉంటాయి. పాలపళ్లు ఊడి జత జతగా కొత్తవి వస్తాయి కాబట్టి వాటిని చూసి వయసు చెప్పేయొచ్చు. 'మాది రెండు పళ్ల గిత్తే' అని యజమాని ఎంత ఒట్టేసినా నోరు తెరిచి చూడాల్సిందే. పోటీలో ఎన్ని అడుగులు లాగిందన్న వాదన ఆ తర్వాతి సంగతి. ముందు కొలత తేలాలి, తర్వాతే పోలిక. ఎన్‌బీఏ ఈ నీతి తెలుసుకునేసరికి 2019 వచ్చింది!

ఆళ్లగడ్డ చెప్పే లెక్క

కొలత తేలితే సరిపోతుందా? విల్ట్, షకీల్ ఇద్దరిదీ రికార్డుల్లో 7 అడుగుల 1 అంగుళమే. అయినా వాదన తెగలేదు కదా! ఇది తెగాలంటే నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా వెళ్లాలి. అక్కడి శిల్పులకు ఎత్తుల గొడవ కొత్తకాదు.

విగ్రహాల విషయంలోనూ 'బూట్ల' పేచీ ఉంది. పీఠం కలిపి చెప్పాలా, పీఠం లేకుండా చెప్పాలా? విజయవాడలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేద్కర్ విగ్రహాన్నే తీసుకోండి. విగ్రహం 125 అడుగులు, పీఠం 81 అడుగులు, కలిపి 206. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్‌లో ఆవిష్కరించిన విగ్రహమూ 125 అడుగులే. దాని పీఠం 50 అడుగులు, కలిపి 175. రెండింటిలో ఏది ఎత్తు? పీఠాలతో చూస్తే విజయవాడది. పీఠాలు తీసేస్తే రెండూ సమానం. రెండు జవాబులూ నిజమే!

శిల్పశాస్త్రం ఇంకో అడుగు ముందుకేసింది. అందులో టేపుకంటే ముందు వచ్చేది తాళం. తాళమంటే స్థూలంగా ఆ విగ్రహం ముఖం పొడవు. దాన్ని 12 అంగుళాలుగా భాగిస్తారు. ఈ అంగుళం టేపు మీద కనిపించే అంగుళం కాదు. విగ్రహాన్ని బట్టి మారుతుంది. నవతాళమంటే మొత్తం ఎత్తు 108 అంగుళాలు. ఉత్తమ దశతాళమైతే 124. వినాయకుడికి పంచతాళం. జేబులో పట్టే విగ్రహమైనా, గుడి గోపురమంత విగ్రహమైనా తాళం ఒకటే. అంటే ఏ మూర్తిని కొలవాలన్నా ఆ మూర్తి ముఖమే కొలబద్ద. పక్క విగ్రహం ముఖంతో కొలిస్తే లెక్క తప్పుతుంది.

కాలాలను దాటి ఆటగాళ్లను పోల్చేవాళ్లు చేసే పొరపాటు సరిగ్గా ఇదే.

ఏ కాలానికి ఆ తాళం

జార్జ్ మైకన్ కళ్లద్దాలు పెట్టుకుని ఆడిన 6 అడుగుల 10 అంగుళాల మనిషి. ఈనాటి జట్ల పక్కన నిలబెడితే ప్రత్యేకంగా కనిపించడు. కానీ ఆయన్ని ఆపలేకే 1951లో రింగు ముందుండే గీతల మధ్య వెడల్పును 6 అడుగుల నుంచి 12కు పెంచారు. విల్ట్ వచ్చాక అదీ చాలక 1964లో 16 అడుగులు చేశారు. తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్‌గా పేరు మార్చుకున్న లూ ఆల్సిండర్ కాలేజీలో చెలరేగుతున్నప్పుడు, 1967లో అమెరికా కాలేజీ పోటీల్లో డంక్‌నే నిషేధించారు. 1976 దాకా ఎత్తలేదు. తమ కాలంలో వాళ్లెంత పొడుగో తెలియాలంటే టేపుతో పనిలేదు. వాళ్ల కోసం మార్చిన గీతలు చూస్తే చాలు.

విల్ట్ 1961-62లో మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు సాధించాడు. వంద పాయింట్ల మ్యాచ్ 1962 మార్చి 2న ఆడింది. ఆ రోజుల్లో లీగ్‌లో ఉన్నవి 9 జట్లే. ఒక్కో జట్టు మ్యాచ్‌కు వందకు పైగా షాట్లు వేసేది. అవకాశాలు ఎక్కువ కాబట్టి అంకెలూ పెద్దవే. మరి ఈనాటివాళ్లే గొప్పా? అలాగని తీర్పు చెప్పడానికీ లేదు. ఎదుటివాడి షాట్‌ను గాల్లోనే అడ్డుకునే 'బ్లాకు'లను ఎన్‌బీఏ లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74లో. అప్పటికి రసెల్, విల్ట్ ఇద్దరూ ఎన్‌బీఏలో ఆడటం మానేశారు. అధికారిక రికార్డు 3,830 బ్లాకులతో ఒలాజువాన్ పేరిట ఉంది. 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన రసెల్ పేరిట ఒక్క బ్లాకూ లేదు! చిట్టాలో లేదంటే జరగలేదని కాదుగా?

షకీల్ కాలానికి మూడు పాయింట్ల గీత ఉంది. 2001 నుంచి జోన్ రక్షణకూ అనుమతి వచ్చింది. ఇక 2014లో 41వ ఎంపికగా వచ్చిన సెర్బియా ఆటగాడు నికోలా యోకిచ్ పెద్దగా ఎగరడు, వేగంగా పరుగెత్తడు. పాస్‌లతోనే 2021, 2022, 2024లలో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2023లో జట్టును గెలిపించాడు. ఫ్రాన్స్ నుంచి 2023లో వచ్చిన వెంబన్యామా 7 అడుగుల 4 అంగుళాలుండి కూడా దూరం నుంచి మూడు పాయింట్లు వేస్తాడు. ఒకప్పుడైతే 'రింగు కింద నిలబడు' అనేవారే!

ఎత్తు ఎంతవరకు తోడొస్తుంది?

పొడుగు వరమే. దానికి శరీరం కట్టే వడ్డీ కూడా ఉంటుంది. 7 అడుగుల 6 అంగుళాల చైనా ఆటగాడు యావో మింగ్ 2002లో మొట్టమొదటి ఎంపిక. పాదాల ఎముకలు పదేపదే విరిగి 2011లో, 30 ఏళ్లకే ఆట మానేశాడు. వాల్టన్‌కూ పాదాలే శత్రువులయ్యాయి. సీజన్లకు సీజన్లే పోయాయి.

మనదేశం సంగతికొస్తే పంజాబ్‌లోని బల్లోకే గ్రామం నుంచి వచ్చిన సత్నామ్ సింగ్ ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. 2015లో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏకు ఎంపికైన మొదటివాడతనే. కానీ అక్కడ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేకపోయాడు. ఎత్తు గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల చోటు ఆటే సంపాదించుకోవాలి.

అందుకు అవతలి కొసన చార్లెస్ బార్క్‌లీ ఉన్నాడు. రికార్డుల్లో 6 అడుగుల 6 అంగుళాలు. నిజానికి 5 కూడా లేనని ఆయనే చెప్పుకున్నాడు. 1986-87లో మ్యాచ్‌కు సగటున 14.6 రీబౌండ్లతో ఏడడుగులవాళ్లందరినీ దాటేసి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు.

ఈ కథ మామ చెప్పాక కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. "అయితే ఆయన గూడా తప్పే రాయించినాడు కదా మామా?" అన్నాడు.

"రాయించినాడు. కానీ రీబౌండ్లు కాగితం పట్టలేదురా, ఆయన చేతులు పట్టినాయి" అన్నారు మామ. "లెయ్. బూట్లిప్పి రింగు కింద నిలబడు. చెయ్యెత్తు."

బోర్డు స్తంభం పక్కన టేపు పట్టి కొలిచారు. చెయ్యెత్తితే 7 అడుగుల 8 అంగుళాలు. రింగు 10 అడుగులు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయ్‌స్మిత్ వ్యాయామశాల బాల్కనీకి పళ్లబుట్టలు బిగించినప్పటి ఎత్తది. గీతలు మారాయి, నిబంధనలు మారాయి, మనుషులు మారారు. ఆ 10 అడుగులు మాత్రం అమెరికాలోనైనా, నంద్యాలలోనైనా అంగుళం కదల్లేదు.

"ఇంక 28 అంగుళాలు. అది నీకు పుట్టుకతో రాలేదు, ఎగిరి తెచ్చుకోవాల్సిందే" అన్నారు మామ.

కుర్రాడు నాలుగడుగులు వెనక్కి వేసి పరుగెత్తి ఎగిరాడు. వేళ్లకు వల తగిలింది. రింగు అందలేదు. మళ్లీ ఎగిరాడు. ఈసారి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

"వచ్చే ఏడాది దరఖాస్తులో ఎంతని రాస్తావురా?"

"5 అడుగుల పదిన్నర మామా. బూట్లు లేకుండా" అన్నాడు రొప్పుతూ. ఓ క్షణం ఆగి, "అయినా మీ విల్ట్ కంటే షకీలే..." అని అందుకున్నాడు.