ఓడలు వచ్చింది బట్ట కోసం

రేవు కడితే చాలు, దాని వెనకున్న సీమంతా దానంతటదే బాగుపడుతుందన్న మాట మన కోస్తాలో ఇప్పుడు వేదవాక్కయింది. సాక్ష్యం అడిగితే సూరత్‌ను చూపిస్తారు. ఈ వాదన తలకిందులైనది.

ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో కోఠీలు పెట్టారు. వాళ్లకు కావలసింది బట్ట. వెనకున్న ఊళ్లలో నేతగాళ్లు, అద్దకంవాళ్లు ఉన్నారు గనుకే ఓడలు ఆ తీరాలు వెతుక్కుంటూ వచ్చాయి. తర్వాత తాపీ నది మేటవేసింది, సముద్ర వ్యాపారం బొంబాయికి తరలిపోయింది. రేవే ప్రాణమైతే సూరత్ కథ అక్కడే ముగియాలి. ముగియలేదు. జరీ పని, నేత నిలిచాయి. ఆ పనితనం మీదే తర్వాత మరమగ్గాలు లేచాయి.

ఒకప్పుడు సిద్దీ నవాబుల చిన్న సంస్థానమైన సచిన్ ఇప్పుడు సూరత్ అంచున పెద్ద పారిశ్రామికవాడ. హజీరా రేవు దూరమేమీ కాదు. అయినా ఇక్కడి సింథటిక్ బట్టలో ఎక్కువ భాగం ఓడ ఎక్కదు. లారీల్లో, రైళ్లలో దేశంలోని బజార్లకే పోతుంది. పాలియెస్టర్ నూలు హజీరా కర్మాగారంలో తయారవుతుందన్నది నిజమే, కాదనను. ఆ నూలు చీర కావాలంటే మాత్రం మనుషులు కావాలి. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి వచ్చారు. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి మన పద్మశాలీలు సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి వచ్చారు. వాళ్ల పిల్లల కోసం సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడపాల్సి వచ్చింది. రేవు దించే టన్నుల లెక్కలో వీళ్లెవరూ కనబడరు. 2022 జనవరిలో సచిన్ పారిశ్రామికవాడలో ట్యాంకర్ నుంచి దొంగతనంగా పారబోసిన రసాయనం విషవాయువై ఆరుగురు కార్మికులను చంపింది. ఈ సంపదకు ప్రాణాలతో వెల చెల్లించింది వాళ్లు.

సముద్రమే లేని వరంగల్‌లో 2017లో మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భివండీలకు వలసపోయినవాళ్లను వెనక్కి రప్పిస్తామన్నారు. ఎంతవరకు నెరవేరిందన్నది వేరే చర్చ. ఆలోచన మాత్రం సరైనచోట, పనివాళ్ల దగ్గర, మొదలైంది.

బందరు (మచిలీపట్నం) రేవు పనులు 2023లో మొదలయ్యాయి. కట్టండి, వద్దనను. కానీ బెర్తుల లెక్క చెబుతున్నవాళ్లు, పక్కనే ఉన్న పెడన కలంకారీ అద్దకందారుల నీళ్లకు, రంగులకు, కూలికి ఏం చేయబోతున్నారో కూడా అదే వేదిక మీద చెప్పాలి.