గడప దాటని పరిశోధన

సాంఘిక శాస్త్రములకు ప్రయోగశాల గ్రామము. అచ్చటి ప్రజలతో కలసి మెలసి యుండి, వారి మాటలనే కాక మౌనమును గూడ గ్రహించుట ఆ శాస్త్రములు చిరకాలముగా పాటించుచున్న పద్ధతి. 2020 మార్చి 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌను అమలులోనికి రాగా ఆ పద్ధతి స్తంభించినది. ఏప్రిల్ 2న భద్రాద్రి రాముని కల్యాణమే భక్తులు లేకుండ జరిగినది. ఇక పర్ణశాల వెనుక అడవిలోని కోయగూడెములకు పరిశోధకుడు పోవుటెట్లు?

నిర్బంధము ఈ గోదావరీ తీరమున పరిశోధనకు పూర్వమొకమారు మేలు చేసినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆస్ట్రియాలో జన్మించిన హైమండార్ఫ్ పండితుడు ఆంగ్ల ప్రభుత్వము దృష్టిలో శత్రుదేశీయుడయ్యెను. అతని సంచారము నైజాము రాజ్యమునకు పరిమితమైనది. అందుచేత అతడు చెంచుల నడుమను, గోదావరి కొండరెడ్ల నడుమను నివసించి, 1943లోను 1945లోను వారినిగూర్చి గ్రంథములు ప్రకటించెను. ఆనాటి నిర్బంధము పరిశోధకుని గూడెమునకు చేర్చగా, 2020 నాటిది అతనిని ఇంటనే కూర్చుండబెట్టినది.

అంతట టెలిఫోను ముందునకు వచ్చినది. దాని మేలును కాదనరాదు. స్ట్రాండెడ్ వర్కర్స్ యాక్షన్ నెట్‌వర్క్ అను స్వచ్ఛంద బృందము, చిక్కుపడిన వలసకూలీలకు ఫోను ద్వారా సహాయము చేయుచునే వివరములు సేకరించి, ఏప్రిల్ మధ్యనాటికే 11,159 మంది స్థితిగతులను వెల్లడించినది.

కాని ఫోను లేనివారి మాట యేమి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 ఏండ్ల స్త్రీలలో తమ వాడుకకు ఫోను గలవారు నూటికి 54 మందియే. తక్కినవారిలో ఒకతె భర్త ఫోనులో, అతడు ప్రక్కనుండగా, తిండికరవును గూర్చి, దెబ్బలను గూర్చి యేమి చెప్పగలదు? ఇంటికి పోయినవాడు ఆరిన పొయ్యిని చూచును. ఫోను చేసినవానికి అది కనబడదు.

మిరప కోతలకు బస్తరు నుండి వచ్చిన ఆదివాసి కూలీలు ఆ వేసవిలో అడవి దారుల వెంట కాలినడకన మరలిపోయిరి. వలసకూలీల మరణముల లెక్క తమయొద్ద లేదనియు, కావున పరిహార ప్రసక్తి రాదనియు కేంద్రప్రభుత్వము 2020 సెప్టెంబరులో లోక్‌సభకు తెలిపినది. లెక్కకు రానివారి గతి యెట్లుండునో ఇంతకంటె వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది గతించిన ప్రశ్న కాదు. 2021లో జరుగవలసిన జనగణనను 2027కు నిర్ణయించి, కుటుంబములే తమ వివరములను స్వయముగ నింపు వీలును గూడ ప్రభుత్వము ప్రకటించినది. ఫోనును విడువనక్కరలేదు, ఆపత్కాలమున దాని వేగము అవసరమే. అయితే కోయభాష నెరిగిన గూడెపు విద్యావంతునికి పరిశోధనలో సమాన స్థానమీయవలెను. ప్రశ్నలు కూర్చునపుడు అతని నడుగవలెను, గ్రంథముపై అతని పేరును వేయవలెను. దారులు మూసికొన్ననాడు సైతము ఆ గూడెమున ఇల్లిల్లు తిరిగి చూడగలవాడు అతడే.