పాత బాడీ, కొత్త ఛాసీ: సీటు బెల్టు సంగతేంటి?

పాత షెవర్లే 3100 పికప్‌ను మళ్లీ రోడ్డెక్కించాలనుకునే అమెరికన్లలో చాలామంది పట్టే దారి ఒకటుంది. 1947-55 నాటి క్యాబిన్‌ను విప్పి, అదే కంపెనీ 1982-2004 మధ్య అమ్మిన ఎస్-10 ట్రక్కు ఛాసీపై బిగిస్తారు. రెండింటిలోనూ బాడీ, ఛాసీ వేర్వేరు కాబట్టే ఇది సాధ్యమవుతోంది.

లాభం నిజమైనదే. పాత ట్రక్కుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఎస్-10కి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులున్నాయి. వేగం రెట్టింపైతే బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. నేటి హైవేపై ఆ తేడా ప్రాణాలతో సమానం.

శ్రమ మాత్రం వేరేచోట ఖర్చవుతోంది. పాత ట్రక్కు వీల్‌బేస్ 116 అంగుళాలు, పొడవాటి ఎస్-10ది దాదాపు 118. ఆ రెండంగుళాల వల్ల చక్రం మడ్‌గార్డు మధ్యలో కూర్చోదు. దాన్ని సరిచేయడానికి ఎంత ఓపికో! (కంటికి కనబడేది అదే మరి.)

ఛాసీతోపాటు రానిది సీటు బెల్టు పట్టు. పాత క్యాబిన్‌లో అసలు బెల్టే లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 70 కిలోల మనిషిని సెకనులో పదోవంతులో ఆపాలంటే బెల్టుపై దాదాపు టన్ను బరువంత బలం పడుతుంది. ఒట్టి రేకుకు బోల్టు బిగిస్తే రేకు చిరిగి ఊడొస్తుంది. వెనక మందపాటి ఉక్కు పలక ఉండాల్సిందే. ఎస్-10 ఎయిర్‌బ్యాగునూ నమ్ముకోలేం. అది ఎప్పుడు తెరుచుకోవాలో లెక్కగట్టింది ఆ ట్రక్కు ముందుభాగం నలిగే తీరును బట్టి. ఇలాంటి బండిని తనిఖీ చేసేవారు బ్రేకులతో సరిపెట్టకుండా బెల్టు బోల్టుల వెనకా చూడాలి.